పిండి కలిపిన ప్లాస్టిక్: ఒక సంవాదము

సామర్లకోట, పెద్దాపురము ప్రాంతములలో కర్రపెండలము దుంపలనుండి పిండి తీసి సగ్గుబియ్యము చేయు మిల్లులు దశాబ్దములనుండి నడచుచున్నవి. ఆ పిండిని ప్లాస్టిక్‌తో కలిపి పలుచని షీటుగా ఊదవచ్చునని నమ్మి, ఆ నమ్మకముపై తన ఆస్తిలో పెద్దభాగమును వెచ్చించిన పరిశ్రమకారుడొకడు, వ్యవసాయశాస్త్రమున పట్టము పుచ్చుకొనియు ఉద్యోగమును కోరక, కృష్ణాతీరమున మిరపయు టమాటాయు పండించుచు, తన మళ్లపై పరచిన ప్రతి వస్తువునకును పర్యవసానమేమని తరచి చూచు కర్షకుడొకడు, వీరిద్దరును వియ్యంకులు. ఒక మధ్యాహ్నము భోజనానంతరము మొదలైన వీరి వాదము దీపముల వేళ దాక సాగినది. అందు సారమున్నదని తోచి, వారి సమ్మతితో, వరుస చెడకుండ వ్రాసి పెట్టితిని. నాకు తోచిన మాట ఒక చోట చేర్చితిని.

కర్షకుడు — బావగారూ, మీ పరిశ్రమను గూర్చి పలుమారు వింటిని గాని, మొగమాటముచేత అడుగక ఊరకుంటిని. మళ్లపై మల్చింగ్ షీటు పరచినచో కలుపు అణగును, తడి నిలుచును, డ్రిప్పు నీరు వృథా కాదు. ఈ లాభములు నేనెరుగుదును. పంట తీసిన పిమ్మట ఆ షీటును ఎత్తుటయే చిక్కు. 25 మైక్రాన్ల పలుచని షీటు ఎండకు పెళుసెక్కి, పట్టి లాగగానే చినిగి, కొంత చేతికి వచ్చును, కొంత మన్నులో దిగబడి నిలుచును. ఈ బాధ తప్పునని చెప్పి ఒక వర్తకుడు, ఇది పిండి కలిపిన షీటు, దానంతట అది మన్నులో కలిసిపోవును అని అంటగట్టగా, ఒక మడిలో పరచితిని. వానకాలము గడచునప్పటికి అది వ్రేలిగోరంతేసి తునుకలై దుక్కిలో చెదరిపోయినది. ఆ తునుకలను కొన్నిటిని కడిగి, మా ఊరి ఉన్నతపాఠశాలలోని సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూడగా, అంతటను గుండ్రని సన్నని చిల్లులు కనబడినవి. పిండి యుండిన చోటు ఖాళీ యైనది, దాని చుట్టునున్న ప్లాస్టిక్ మాత్రము చెక్కుచెదరక నిలిచినది. నిండు షీటునైతే కూలివాండ్రను పెట్టి ఎత్తించవచ్చును; ఈ తునుకలను ఏరగలవారెవరు? పిండి కలుపుటచేత మీరు మా భూమికి చేసిన ఉపకారమేమో చెప్పుడు.

పరిశ్రమకారుడు — మీరు కొన్న షీటు ఏ వర్గమునకు చెందినదో ఆ చిల్లులే చెప్పుచున్నవి. పిండిని ప్లాస్టిక్‌తో కలుపుటలో రెండు మార్గములు కలవు. వానికి నడుమ నున్న భేదమును గుర్తింపక రెండింటిని ఒకే పేర పిలుచుటవలననే ఈ వ్యాపారమునకు ఇంత అపకీర్తి కలిగినది. మొదటిది పిండిని పిండిగానే, పొడి కణములుగానే, పాలిఎథిలీన్‌లో చల్లుట. 1970వ దశకమున ఇంగ్లండులోని బ్రూనెల్ విశ్వవిద్యాలయమున జెరాల్డ్ గ్రిఫిన్ అను శాస్త్రజ్ఞుడు ఈ పద్ధతిని సాగించెను. పాలిఎథిలీనునకు నీరు గిట్టదు. పిండికి నీరనిన ప్రాణము. ఈ రెండును అంటుకొనవు గనుక, ఆయన పిండికణముల పైపొరను సిలేను అను సిలికాన్ సమ్మేళనముతో మార్చి, నీటిని విడనాడునట్లు చేసెను. పాలిఎథిలీన్ షీటును 160 డిగ్రీల సెంటిగ్రేడునకు పైబడిన వేడిమిలో ఊదవలెను గదా. మామూలు పిండిలో నూటికి 10 మొదలు 13 పాళ్ల వరకు తడి యుండును. ఆ తడి ఆవిరియై షీటులో బుడగలు లేపును. అందుచేత పిండిని ఒక శాతము లోపునకు ఎండబెట్టవలసియుండెను. వీటికి తోడు, గాలిలోని ఆమ్లజనితో తనంతట తాను చర్య జరుపు నూనెజాతి ద్రవ్యమును కొంత చేర్చిరి. సూక్ష్మజీవులు పిండిని తినివేయును, తిన్నచోట చిల్లులు పడి పైవైశాల్యము పెరుగును, అప్పుడా నూనెద్రవ్యము ప్లాస్టిక్ గొలుసులను క్రమముగా త్రుంచును. ఇది వారి ఊహ.

కర్షకుడు — ఊహలో సగము నిజమైనది, సగము కాలేదు. సూక్ష్మజీవులు పిండిని తినినవి. నేను కన్నులార చూచితిని. తక్కిన సగము మాటేమి?

పరిశ్రమకారుడు — నిజమైనదన్న ఆ మొదటి సగములోను చిక్కు కలదు. నూటికి 6 మొదలు 15 పాళ్ల వరకు పిండిని కలుపుట నాటి పరిపాటి. పిండి సాంద్రత ఒకటిన్నర, పాలిఎథిలీన్ సాంద్రత 0.92, అందుచేత బరువులో 15 పాళ్లు కలిపినను, షీటులో అది ఆక్రమించు చోటు 10 పాళ్లకు మించదు. అంత తక్కువగా నున్నప్పుడు కణమునకును కణమునకును స్పర్శ యుండదు. పైన కనబడు కణములను సూక్ష్మజీవుల ఎంజైములు కరిగించును. లోపలి కణములు ప్లాస్టిక్ కోటలో చిక్కి భద్రముగా నుండును. ఒక కణము కరగినంతనే దాని ప్రక్కకణమునకు దారి ఏర్పడి, షీటు ఈ మొగమునుండి ఆ మొగము దాక చొరరాని చోటు లేకుండ పోవలెనన్నచో, చోటులో సుమారు 30 పాళ్లు పిండి యుండవలెనని అమెరికా శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఊల్ మున్నగువారు గణితముచేతను ప్రయోగముచేతను తేల్చిరి. అంత పొడిపిండి కలిపినచో షీటు లాగుటకు సాగక, మడత పెట్టినచోటనే విరుగును.

కర్షకుడు — 30 పాళ్లు కలిపి, పిండి యంతయు పోయినదనియే అనుకొందము. మిగిలిన పాలిఎథిలీన్ ఏమగును? స్వీడన్ దేశమున ఆన్-క్రిస్టీన్ ఆల్బర్ట్‌సన్ అను శాస్త్రజ్ఞురాలు రేడియోధార్మిక కర్బనముతో గుర్తుపెట్టిన పాలిఎథిలీన్‌ను మన్నులో నుంచి, పదేండ్ల కాలము కనిపెట్టి చూడగా, అందలి కర్బనములో బొగ్గుపులుసు వాయువుగా మారినది నూటికి ఒక పాలైనను లేదని కళాశాలలో మా గురువులు చెప్పియుండిరి. కర్బనమునకు కర్బనము తగుల్కొని వేలకొలది కూర్పులుగా సాగిన ఆ గొలుసును కొరుకు దంతము మన్నులోని జీవులకు లేదు. పిండి పోయిన పిమ్మట అది తునుకలగుట సులభమైనది, అంతే. ఆ తునుకలు ఎరువుతో, నీటితో, గాలితో పొరుగు పొలములకును కాలువలకును పోవును. చెత్త కంటికి కనబడినంత కాలము దానిని తొలగింపవచ్చును. కనబడని చెత్తను చేయు విద్యను ఉపకారమని నేనొప్పుకొనను.

పరిశ్రమకారుడు — నేనును ఒప్పుకొనను. 1990 ప్రాంతమున అమెరికాలో, మన్నులో శిథిలమగునని ప్రకటించి అమ్మిన ప్లాస్టిక్ సంచులపై కొన్ని రాష్ట్రముల ప్రభుత్వములు న్యాయస్థానమునకెక్కినవి. 1992లో అచ్చటి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇట్టి ప్రకటనలకు నియమములు ఏర్పరచినది. ఆ మార్గము అక్కడికి ముగిసినదని నా అభిప్రాయము. మన బజారులో నేటికిని దానిని అమ్మువారు తెలిసి అమ్మినను తెలియక అమ్మినను, కొన్నవానికి నష్టమొక్కటియే.

(ఇచ్చట నాకు తోచిన మాట ఒకటి చెప్పక తీరదు. పిండిని పూరకద్రవ్యముగా వాడుట తప్పు కాదు. సుద్దను, అభ్రకమును పూరకములుగా వాడుట లేదా? ఖనిజతైలముతో చేసిన ప్లాస్టిక్‌ను పదింట ఒక పాలు తగ్గించి, ఆ స్థానమున పంటనుండి వచ్చిన పిండిని నింపితిమని చెప్పినచో అది సత్యము. మన్నులో కలిసిపోవునని చెప్పినచో అసత్యము. ఆ అసత్యము అంగడిలో పుట్టినది. దానిని నమ్మి తన మడిలో పరచినవాని నష్టమును పూరించువారు నేటికిని లేరు.)

కర్షకుడు — మీ రెండవ మార్గమేమి?

పరిశ్రమకారుడు — పిండిని చల్లుట మాని, పిండినే ప్లాస్టిక్‌గా మార్చుట. పిండిలో రెండు విధములైన అణువులు కలవు: ఒకటి పొడవుగా సాగిన ఎమైలోజు, రెండవది కొమ్మలుగా విడిన ఎమైలోపెక్టిన్. మొక్కజొన్నపిండిలో మొదటిది సుమారు నాలుగవ వంతు. ఈ అణువులు ఒకదాని నొకటి ఉదజని బంధములచేత గట్టిగా పట్టుకొని, స్ఫటికములుగా కూర్చుండును. పొడిపిండిని వేడిచేయుచు పోయినచో కరగదు. కరగవలసిన వేడిమికి చేరకమునుపే గోధుమవన్నె తిరిగి మాడిపోవును. దానిని కరగించుటకు ఆ బంధముల నడుమ చొరబడు ద్రవ్యము కావలెను. నీరు చొరబడును గాని నిలువదు, ఆవిరియగును. గ్లిసరిన్ చొరబడి నిలుచును. వడియములకు పిండి ఉడికించునప్పుడు పిండికి ఎన్నో రెట్లు నీరు పోసి వేడిచేత పని జరుపుదురు. మాకు అంత నీరు పనికిరాదు గనుక, వేడితోపాటు యంత్రపు రాపిడి కావలెను.

కర్షకుడు — ఆ పని కన్నులకు కట్టినట్లు చెప్పుడు. పనిలోని కష్టము తెలిసిన గాని వస్తువు గుణము తెలియదు.

పరిశ్రమకారుడు — పిండి 100 పాళ్లకు గ్లిసరిన్ 30 మొదలు 40 పాళ్ల వరకు పట్టించి, ఒక రాత్రి నిలువ యుంచుదుము. తెల్లవారునప్పటికి పిండి గ్లిసరిన్‌ను పీల్చుకొని పదునెక్కును. పిడికిట బిగించినచో ముద్దయగును, విప్పినచో విడిపోవును. ఆ పదునునకు రానిదే యంత్రపు హాపరులో పోయము. లోపల జంటస్క్రూలు ఒకదానిలో నొకటి పెనవేసికొని ఒకే దిక్కున తిరుగుచుండును. బ్యారెలు మొదట 90 డిగ్రీలు, నడుమ 130 మొదలు 150 వరకు, డై వద్ద మరల కొంచెము తక్కువ. నడిమి భాగమున స్క్రూపై పిసుకు దిమ్మలుండును. కణముల రూపము చెడి, స్ఫటికములు విడిపోయి, జిగురుముద్దయగునది అక్కడనే. ఆ తరువాతి వెంటు వద్ద వాక్యూము పెట్టి, మిగిలిన ఆవిరిని లాగివేయుదుము. వెంటునుండి వచ్చు వాసననుబట్టియే మా పనివాడు లోపలి సంగతి చెప్పగలడు: పేలాలు వేగిన వాసన వచ్చినచో సరి, బెల్లము మాడిన వాసన వచ్చినచో వేడి తగ్గించును.

డైనుండి తీగలు వెలువడును. మామూలు ప్లాస్టిక్ తీగలనైతే నీటితొట్టిలో ముంచి చల్లార్చుదురు. ఈ తీగను నీట ముంచితిమా, క్షణములో పైపొర బంకయై ఒకదానికొకటి అంటుకొనును. అందుచేత పంకాల క్రింద కదలుచుండు పట్టీపై ఆరబెట్టి, అటుపిమ్మట చిన్న గుళికలుగా, అనగా దానాగా, కత్తిరింతుము. మంచి తీగ లేత తేనెవన్నెతో, వెలుతురునకు పట్టి చూచినచో లోపల నలుసు లేక యుండును. తెల్లని నలుసులు కనబడినచో కరగని పిండి మిగిలినదని అర్థము. ఊదిన షీటు ఆ నలుసు వద్దనే చినుగును. ఆ దానాను శ్రావణమాసమున మూత తీసి గోదాములో విడిచినచో, మరునాటికి తడి పీల్చి గడ్డకట్టును.

కర్షకుడు — ఇక నా ఆక్షేపణ వినుడు. అన్నము వండినప్పుడు మెత్తగా నుండును, మరునాటికి చద్దియై గట్టిపడును. ఉడికినప్పుడు విడిపోయిన పిండియణువులు చల్లారిన కొలదియు మరల చేరువై స్ఫటికములు కట్టుటయే దానికి కారణము. మీ ప్లాస్టిక్ పిండికి ఈ స్వభావము పోవునా? ఈ వారము సాగిన షీటు రెండు నెలలకు పెళుసెక్కదా? పైగా, గ్లిసరిన్ తడిని పీల్చునది. కోస్తా వానలలో షీటు తడిసి మెత్తనై జారిపోవును; రాయలసీమ వేసవిలో తడి యంతయు ఆరి అట్టవలె విరుగును. గాలిలోని తేమనుబట్టి గుణము మార్చుకొను వస్తువును నమ్మి నేను విత్తనము వేయవలెనా?

పరిశ్రమకారుడు — కేవలము పిండియే యైనచో మీ ఆక్షేపణ అక్షరాల సత్యము. అందుచేతనే పిండిప్లాస్టిక్ ఒంటరిగా షీటు కాజాలదు. పొడిగా నున్నంత సేపు దానికొక మంచి గుణము లేకపోలేదు: ఆమ్లజనిని చొరనీయదు. పాలిఎథిలీన్ తడిని ఆపును గాని ఆమ్లజనిని ఆపజాలదు. పిండి దానికి సరిగా విరుద్ధము. కాని తడి తగిలినంతనే ఆ గుణమును పోవును. కావున దానికి నీటికి చెదరని తోడు పదార్థము కావలెను; ఆ తోడు ఏది యనుటయే ఈ శాస్త్రమంతటికిని కీలకము.

ఈ ప్రశ్న రైతు మేలు కోరినవారికే ముందుగా కలిగినది. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రపు పియోరియా నగరమున ప్రభుత్వ వ్యవసాయశాఖవారి ప్రయోగశాల యున్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెన్సిలిన్‌ను విస్తారముగా తయారుచేయు విధానము రూపొందినది అచ్చటనే. ఆ ప్రయోగశాలలో ఫెలిక్స్ ఓటీ అను శాస్త్రజ్ఞుడు 1970వ దశకమున, పొలములలో పరచు షీటునే ఉద్దేశించి, ఉడికించిన పిండిని ఎథిలీన్-ఎక్రిలిక్ ఆమ్లపు ప్లాస్టిక్‌తో, అమోనియా సాయమున కలిపి ఊదెను. అందు పిండి 40 పాళ్లు, కొన్ని కూర్పులలో అంతకు మించియు నుండెను. ఆ ప్లాస్టిక్‌లోని ఆమ్లభాగములు పిండితో కలియును, ఎథిలీన్ భాగములు నీటిని విడనాడును. ఇరువురి భాషలును తెలిసిన మధ్యవర్తివలె అది రెండింటిని పట్టి నిలిపెను.

కర్షకుడు — ఆ మధ్యవర్తి మన్నులో కరుగునా?

పరిశ్రమకారుడు — కరుగదు. దానిదియు కర్బనపు గొలుసే.

కర్షకుడు — అట్లైన మరల మొదటికే వచ్చితిమి గదా.

పరిశ్రమకారుడు — అక్కడినుండి ముందుకు సాగినవారు కలరు. 1990 ప్రాంతమున ఇటలీలోని నొవారా నగరమున కాతియా బస్తియోలీ నాయకత్వమున నోవామాంట్ సంస్థ మేటర్-బి అను పేర పిండిమిశ్రమములను రూపొందించినది. అందులకు సూక్ష్మజీవులు త్రుంచగల పాలిఎస్టరులను తోడుగా గ్రహించిరి. 1998లో జర్మనీదేశపు బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ పి.బి.ఎ.టి. అను పాలిఎస్టరును బజారునకు తెచ్చినది. నేను వాడునది ఆ జాతిదే. అది 115, 120 డిగ్రీల నడుమ కరుగును గనుక పిండి మాడు వేడిమికి పోనక్కరలేదు. ఒంటరిగా నున్నప్పుడు తన పొడవునకు ఐదారింతలకు పైగా సాగును. పిండి చేరిన కొలదియు ఆ సాగుడు తగ్గును, కాని మల్చింగ్ షీటునకు వలసినంత మిగులును. పిండి చిన్నచిన్న బిందువులుగా విడిపోయి, పాలిఎస్టరు వానిని చుట్టుకొనునట్లు కలుపుటలోనే పనితనమున్నది. రెండును బాగుగా పట్టుకొనుటకు మలేయిక్ ఎన్‌హైడ్రైడును గాని, సిట్రిక్ ఆమ్లమును గాని కొలదిగా చేర్చుదుము. అవి పిండి హైడ్రాక్సిల్ భాగములతో సంధి చేసికొనును. చుట్టును పాలిఎస్టరు ఉండుటచేత తేమకు గుణము మారుట చాల వరకు తగ్గును. పూర్తిగా పోవునని నేననను. మీరన్న చద్దిస్వభావమును ఉండును. ఊదిన షీటును ఏడాదికి మించి నిలువ యుంచరాదు.

కర్షకుడు — పి.బి.ఎ.టి. దేనితో పుట్టినది?

పరిశ్రమకారుడు — నేడు చాల వరకు ఖనిజతైలముతోనే.

కర్షకుడు — చూచితిరా! సంచిపై మొక్కజొన్నకంకి బొమ్మ, లోపల సగమునకు పైగా ఖనిజతైలము. పిండి పేరు చెప్పి అమ్ముచున్నది దేనిని?

పరిశ్రమకారుడు — బావగారూ, ఈ ఒక్క విషయమున నేను మీతో గట్టిగా విభేదింతును. ఒక వస్తువు దేనినుండి పుట్టినదను ప్రశ్న వేరు, అది ఎట్లు గతించునను ప్రశ్న వేరు. బ్రెజిల్ దేశమున చెరకునుండి తీసిన సారాయితో పాలిఎథిలీన్ చేయుచున్నారు. 2010 నుండి అది పెద్దయెత్తున తయారగుచున్నది. పుట్టుక చెరకుతోటలో, ఐనను దానికి కర్బనపు గొలుసే గనుక, మీ మడిలో పడినచో మీకు అంటగట్టిన షీటునకు భిన్నముగా ప్రవర్తింపదు. పి.బి.ఎ.టి. పుట్టుక తైలములో, కాని దాని గొలుసున అడుగడుగునను ఎస్టరు ముడులున్నవి. నీరును ఎంజైములును ఆ ముడులను విప్పగలవు. విప్పిన ముక్కలను సూక్ష్మజీవులు ఆహారముగా గైకొని బొగ్గుపులుసు వాయువుగాను, నీరుగాను, తమ శరీరముగాను మార్చుకొనును. మీ మన్నునకు వలసినది ముడుల సంగతియే గాని, వంశవృక్షము కాదు.

కర్షకుడు — ముడులు విప్పుట ఎన్నాళ్లకు, ఎంత వేడిలో? సంచులపై ఐ.ఎస్. 17088 అని అచ్చువేయుచున్నారు. ఆ ప్రమాణము పారిశ్రామిక కంపోస్టు కుప్పను ఉద్దేశించినది. 58 డిగ్రీల వేడిలో, ఆరు నెలలలో, నూటికి 90 పాళ్ల కర్బనము బొగ్గుపులుసు వాయువుగా మారవలెనని దాని నియమము. మా పేడకుప్ప నడుమ అంత వేడి పుట్టును, నిజమే. పొలము మన్నులో పుట్టదు. కంపోస్టు ప్రమాణము పొందిన వస్తువును కాలువలో పారవేసి, కరగలేదేమని అడుగు అమాయకులున్నారు. ఆ అమాయకత్వమును వ్యాపారముగా చేసికొనువారును ఉన్నారు.

పరిశ్రమకారుడు — పొలమున పరచు షీటునకు వేరే ప్రమాణము కలదు. ఐరోపావారు 2018లో ఇ.ఎన్. 17033 అను ప్రమాణమును ప్రకటించిరి. 20 మొదలు 28 డిగ్రీల వరకు వేడిగల మన్నులో, రెండేండ్ల లోపుగా 90 పాళ్లు మారవలెను. సంచికి ఒకటి, షీటునకు మరియొకటి. ఏ ప్రమాణమని అడుగు రైతు నాకు ఇంతవరకు తారసపడలేదు, మీరే మొదటివారు.

కర్షకుడు — అడుగకపోవుట రైతు దోషమా? మన దేశపు నియమములను చూడుడు. 2022 జులై 1 నుండి ఒకమారు వాడి పారవేయు కొన్ని ప్లాస్టిక్ వస్తువులను నిషేధించిరి; చేతిసంచి 120 మైక్రాన్లకు తగ్గరాదని అదే సంవత్సరాంతమునుండి విధించిరి; కంపోస్టగు సంచులకు ఆ మందపు నియమము లేదు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారి ధ్రువపత్రము చాలును. నియమము మంచిదే. కాని పలుచని సంచి అమ్ముటకు దారి దొరకినదని, ధ్రువపత్రము లేకయే పిండి పేరు పెట్టుకొన్నవారు మా సంతలోనే ఉన్నారు. 2021లో తిరుమలలో లడ్డూ ప్రసాదమునకు హైదరాబాదులోని రక్షణ పరిశోధన సంస్థవారి ప్రయోగశాల రూపొందించిన జీవశైథిల్య సంచులను అమ్మ మొదలిడిరి. ఆ ప్రయత్నమునకు నేను నమస్కరింతును. అయినను ఆ సంచి కొండపై నిలుచునా? ప్రసాదముతోపాటు వేల ఊళ్లకు పోవును. ఏ ఊరిలో దానిని వేరుపరచి కంపోస్టునకు పంపు ఏర్పాటున్నది? పాలిఎథిలీన్ చెత్తలో కలిసినదా, దానిని కరగించు పునరుత్పత్తి కేంద్రమున పిండి మాడి, నల్లని మచ్చలు పడి, ఆ సరకంతయు చెడును.

పరిశ్రమకారుడు — వేరుపరచుట మీరనుకొన్నంత కష్టము కాదు. పాలిఎథిలీన్ నీటిపై తేలును, పి.బి.ఎ.టి. సాంద్రత 1.25 ప్రాంతము, పిండి అంతకన్న బరువు, మిశ్రమము మునుగును. చూడుడు, ఈ చెంబులో మా షీటు తునుక వేసితిని, అడుగునకు దిగినది.

కర్షకుడు — సుద్ద దండిగా కలిపిన పాలిఎథిలీనును దిగును.

పరిశ్రమకారుడు — దిగును. అందుకే ఒక్క పరీక్షతో తేల్చరాదు. దానిని పూర్తిగా కాల్చినచో సుద్ద తెల్లని బూడిదగా మిగులును. టింక్చర్ అయోడిన్ చుక్క వేసి, ఈ తునుకను మడచి నలుపుడు. చినిగిన అంచున నీలిమచ్చ తేలినదా? అది పిండి. తేలుట, బూడిద, నీలిమచ్చ. ఈ మూడును కలిపి చూచినచో సంతలోని మోసము చాల వరకు బయటపడును. తోడు పదార్థము పాలిఎస్టరా, పాలిఎథిలీనా అనునది మాత్రము ప్రయోగశాలయే నిశ్చయముగా చెప్పవలెను.

కర్షకుడు — మంచిది. మరియొకటి. కర్రపెండలము బీదల ఆహారము. దానిని మళ్లపై పరచి కుళ్లబెట్టుట నా మనస్సునకు ఎక్కదు.

పరిశ్రమకారుడు — పిండికి దుంపయే దిక్కు కాదు. చిత్తూరు ప్రాంతమున మామిడి గుజ్జు కర్మాగారములు విసర్జించు టెంకలను చూచితిరి గదా. టెంకలోని జీడి ఎండినపిమ్మట అందు సగమునకు పైగా పిండియే. నూకలున్నవి. ఏ పిండి యైనను కరగించినపిమ్మట మాకొక్కటే. పొడిగా చల్లువారికి మాత్రమే కణపు పరిమాణము ముఖ్యము. బియ్యపు కణము 3 మొదలు 8 మైక్రాన్లు, బంగాళాదుంప కణము ఒక్కొక్కటి 100 మైక్రాన్ల దాక నుండును. 25 మైక్రాన్ల షీటులో అది ఎట్లిముడును? మామిడి జీడిలో చిక్కు వేరు: టానిన్లును కొవ్వును ఉండును, కడిగి తీయవలెను, రంగు ముదురును. మల్చింగ్ షీటునకు రంగు ముదురైన నష్టమేమున్నది? ఆ ప్రయత్నమును మొదలిడితిని.

కర్షకుడు — ఆ మాట వినుటకు బాగున్నది. ఇక నా పొలమునకు రండు. మీ షీటు పరచినచో ముందుగా చెడునది ఏ భాగము?

పరిశ్రమకారుడు — అంచు. గాలికి లేవకుండ ఇరువైపుల మన్నులో పూడ్చిన అంచు. తడియు సూక్ష్మజీవులును అక్కడనే మెండు.

కర్షకుడు — అంచు వీడినంతనే షీటు గాలికి లేచి, మొక్క మెడకు చుట్టుకొని, కాండమును కోయును. మా మిరప నాటినది మొదలు చివరి కోత దాక ఏడెనిమిది నెలలు నిలుచును. నాలుగవ నెలలో అంచు వీడినచో తక్కిన నెలలు కలుపు ఎవరు తీయుదురు? మన్నులో త్వరగా పోవలెనని నేనే కోరుచున్నాను, పంట ఉన్నంత కాలము పోరాదనియు నేనే కోరుచున్నాను; ఈ రెండు కోరికలను ఒకే వస్తువు తీర్చగలదా?

పరిశ్రమకారుడు — పిండి పాలు తగ్గించి, అంచును మందముగా ఊది కొన్నాళ్లు లాగవచ్చును. మిరపకు చాలునని ధైర్యముగా చెప్పజాలను. పుచ్చకు, దోసకు చాలును. రెండున్నర, మూడు నెలలలో పంట చేతికి వచ్చును. ధర మాత్రము మామూలు షీటునకన్న హెచ్చు. షీటు ఎత్తు కూలి, ఎత్తినదానిని పారవేయు ఖర్చు కలిపి లెక్కించినచో కొంత సరిపడును, పూర్తిగా కాదు.

కర్షకుడు — మిరప రైతు వచ్చి అడిగినచో?

పరిశ్రమకారుడు — అమ్మను.

కర్షకుడు — నోటిమాటగా గాక చుట్టపైననే అచ్చువేయుడు: ఏ పంటకు తగును, ఎన్ని నెలలు నిలుచును, మన్ను ప్రమాణమా కంపోస్టు ప్రమాణమా, పిండి ఎన్ని పాళ్లు, తోడు పదార్థము ఏది.

పరిశ్రమకారుడు — మొదటి మూడును తప్పక వేయింతును. పాళ్లు వేసినచో మా కూర్పు పొరుగు కర్మాగారమునకు తెలిసిపోవును గదా?

కర్షకుడు — పాళ్లు మీ యొద్దనే ఉంచుకొనుడు, ఆ మాట విడిచితిని. తోడు పదార్థము పేరు విడువను. నా మడిలో తునుకలుగా మిగిలినది పిండి కాదు, పిండికి తోడుగా వచ్చినది. దాని పేరు తెలియక కొంటిని.

పరిశ్రమకారుడు — వేయింతును. కార్తికమాసపు పుచ్చకు అర ఎకరమునకు సరిపడు చుట్ట పంపుదును. అందులోని తునుకలను నైలాన్ వల సంచులలో కట్టి, తూచి, జానెడు లోతున పూడ్చి, మూడు నెలలకొకమారు తీసి తూచుడు. ప్రక్కనే మామూలు పాలిఎథిలీన్ తునుకలను కూడ పూడ్చుడు.

కర్షకుడు — తూకమునకు ముందు మన్ను కడుగవలెను గదా; కడుగుటలో సన్నని తునుకలు వల కన్నులనుండి జారిపోయినచో, అవి కరిగినవని లెక్కవేయుదురా?

పరిశ్రమకారుడు — వేయరాదు. కడిగిన నీటిని వడగట్టుటకు సన్నని గుడ్డ కూడ పంపుదును.